గడప లోపలి పని

జగిత్యాల నుండి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి వైపు సాగే రహదారి పక్క ఊళ్ళలో మధ్యాహ్నవేళ తరచుగా ఒక దృశ్యం కనిపిస్తుంది. ఇంటి అరుగు మీద, వేపచెట్టు నీడన నలుగురైదుగురు స్త్రీలు ఒకచోట చేరి కూర్చుని ఉంటారు. ప్రతి ఒక్కరి ఒడిలో ఒక చాట. అందులో తడిగుడ్డలో చుట్టి మెత్తబరచిన తునికాకు, పొగాకు పొడి, కత్తెర, దారపుండ. రేకుముక్కను కొలతగా ఆనించి ఆకును కత్తిరించడం, చిటికెడు పొగాకు పరచి చుట్టడం, కొన మడిచి దారం బిగించడం. ఈ పనులన్నీ చూపుతో నిమిత్తం లేకుండా వేళ్ళే చేసుకుపోతాయి. నోట ఊరి ముచ్చట్లు సాగుతూనే ఉంటాయి. 25 బీడీలు కడితే ఒక కట్ట, 40 కట్టలు చేరితే వెయ్యి. కూలి వెయ్యికింత అని లెక్క.

దారిన పోయేవారికి అది తీరికవేళ కాలక్షేపంలా తోచవచ్చు. వారి మాట అటుంచితే, ఆ ఇంటివారికే అలా తోచడం ఆలోచించవలసిన విషయం. లెక్కలు రాసుకొనడానికి వచ్చిన ఉద్యోగి వాకిట నిలిచి, “మీ భార్య ఏం పనిచేస్తుంది?” అని ఇంటి పెద్దను అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: “ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది.” ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో ఉండి, రోజులో అధికభాగం ఒక పరిశ్రమకు పనిచేస్తుంది. ఇంట్లో ఉండటం, పనిచేయడం అనేవి ఒకదానికొకటి పొసగని విషయాలని మన అలవాటు ఏనాడో తీర్పు చెప్పింది. అందువల్ల మొదటిది కాగితం మీదికి వస్తుంది, రెండవది రాదు.

స్త్రీపురుష సమానత్వం, సామాజిక సమ్మిళితత్వం అనే మాటలు నేడు ప్రభుత్వ నివేదికలలోను, విశ్వవిద్యాలయ సదస్సులలోను విరివిగా వినబడుతున్నాయి. ఏ వర్గాన్నీ వెలుపల నిలబెట్టని సమాజం ఏర్పడాలన్నది వాటి ఆశయం. ఆశయాన్ని కాదనేవారు లేరు. అయితే ఆ దిశగా జరిగే పరిశోధన మొదట ఎవరిని అడుగుతున్నది, ఏమని అడుగుతున్నది అన్న విషయం మీదనే తక్కినదంతా ఆధారపడి ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఈ విషయాన్ని మరే గ్రంథం కన్నా స్పష్టంగా బోధిస్తాయి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతాలు 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా రూపొందాయి. జిల్లాలు మారినా గడప లోపలి పని మారలేదు.

బీడీ కార్మికురాలిని సమాజం గుర్తించకముందే చట్టం గుర్తించిందన్నది ఆశ్చర్యం కలిగించే సత్యం. 1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికుల పని పరిస్థితులను గురించి ఒక చట్టం చేసింది. కార్ఖానాలో కూర్చుని పనిచేసేవారినే కాక, ఆకూ పొగాకూ ఇంటికి తెచ్చుకొని చుట్టేవారిని కూడా ఆ చట్టం ఉద్యోగులుగా నిర్వచించింది. యజమానులు దీనిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1974లో న్యాయస్థానం చట్టాన్ని సమర్థించింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడు భవిష్యనిధి పథకం బీడీ పరిశ్రమకు వర్తించింది. అప్పుడు మరొక వివాదం తలెత్తింది. ఇంట్లో చుట్టేవారు తమ పర్యవేక్షణలో లేరనీ, తమకు తోచినప్పుడు చుట్టుకుంటారనీ, ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తారనీ, కాబట్టి వారు తమ కార్మికులు కారనీ యజమానులు వాదించారు.

1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ వాదాన్ని తోసిపుచ్చింది. తీర్పులోని తర్కం గమనింపదగినది. కట్టలు కార్ఖానాకు చేరినప్పుడు అక్కడివారు వాటిని పరీక్షించి, నాణ్యత లేదన్న బీడీలను పక్కకు తీసివేస్తారు. వాటికి కూలి ఉండదు. చుట్టేవారికి ఇంతకన్నా కడుపుమంట కలిగించే విషయం మరొకటి లేదు. సరుకును తిరస్కరించే అధికారం ఉన్నదంటే పని మీద అదుపు ఉన్నట్లేననీ, అందుచేత ఇంట్లో చుట్టే స్త్రీ కూడా ఆ సంస్థ ఉద్యోగినే అవుతుందనీ న్యాయస్థానం తేల్చింది. ఆమె కూలిని తగ్గించే చెయ్యే ఆమె కార్మికురాలని సాక్ష్యం చెప్పింది! 1966 నాటి ఆ చట్టం 2025 నవంబరులో కొత్త కార్మిక సంహితలు అమలులోకి రావడంతో వాటిలో కలిసిపోయింది. కానీ గడప లోపలి పని కూడా పనేనన్న సూత్రాన్ని మన దేశంలో అంత తేటగా చెప్పిన చట్టాలు మరి కొన్ని మాత్రమే ఉంటాయి.

సూత్రం ఉన్నంత మాత్రాన ఫలం అందరికీ దక్కదు. దానికి కాగితం కావాలి. బీడీ కార్మికురాలి జీవితంలో ఆ కాగితం పేరు పాస్‌బుక్కు, భవిష్యనిధి సంఖ్య. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రారంభించింది. 2019లో అది 2,016 రూపాయలయింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి భవిష్యనిధిలో పేరు నమోదై ఉండాలన్నది నియమం. ఏ పథకానికైనా ఒక హద్దు అవసరమే. అయితే ఈ ప్రాంతంలో ఒకే పాస్‌బుక్కు మీద అత్త, కోడలు, ఆడబిడ్డ కలిసి చుట్టడం కొత్త సంగతి కాదు. పేరు అత్తది, వేళ్ళు కోడలివి. కోడలు ఇరవై ఏళ్ళు చుట్టినా ఆమె చుట్టినట్లు చూపే అక్షరం ఎక్కడా లేదు. అటువంటి ఇంట పింఛను పేరున్నవారికే అందుతుంది. నమోదు ఆలస్యమైనందుకు తప్పు కోడలిది కాదు. పేరు రాయవలసినవారు రాయలేదు, అడగవలసినదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే లెక్కను తక్కువగా చూడరాదు. అంకెలలో కరుణ ఉండదని కొందరు విమర్శిస్తారు. నిజమే కావచ్చు. అయినా అంకెలో లేని మనిషికి చట్టంలోని కరుణ కూడా చేరదు.

జగిత్యాల నుండి సిరిసిల్లకు వస్తే పని మారుతుంది గాని కథ మారదు. మానేరు ఒడ్డున ఉన్న ఈ పట్టణం మరమగ్గాలకు ప్రసిద్ధి. తెల్లవారకముందే వీధులు మగ్గాల చప్పుడుతో మేలుకొంటాయి. ఇక్కడ యజమానులున్నారు, వారి నుండి నూలు తెచ్చుకొని కొద్దిపాటి మగ్గాలు నడిపించే ఆసాములున్నారు, మగ్గాల మీద పనిచేసే కార్మికులున్నారు. మగ్గం నడిపే వ్యక్తి చాలావరకు పురుషుడు. కానీ మగ్గం నడవాలంటే ముందు పేకకు కండెలు చుట్టాలి. అది ఎక్కువగా స్త్రీలు చేసే పని. ఇంటి మూలలోనో, మగ్గాల షెడ్డు పక్కనో కూర్చుని కండెలు చుట్టే భార్య, తల్లి, కూతురు లేనిదే ఆసామి మగ్గం ఒక్క పూట కూడా సాగదు. దేశంలో శ్రామికులను లెక్కించే సర్వేలలో ఇటువంటివారికి ‘కుటుంబ వ్యాపారంలో సహాయకులు’ అనే విభాగం, 21 అనే సంకేత సంఖ్య ఉన్నాయి. గణకుడు ఓపికగా అడిగితే ఆమె అందులో చేరుతుంది. అడగకపోతే 92లో చేరుతుంది. 92 అంటే ఇంటిపనులు మాత్రమే చేసుకొనే వ్యక్తి. ఒకే స్త్రీ, ఒకే రోజు, ఒకే చరఖా. ఆమె శ్రామికశక్తి లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా అన్నది ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నది.

భాష కూడా ఇందులో తన వంతు పాత్ర వహించింది. ‘రైతన్న’, ‘నేతన్న’, ‘గీతన్న’ అని తెలుగులో ఎంతో ఆప్యాయంగా పిలుచుకుంటాం. పథకాలకు ఆ పేర్లు పెట్టుకుంటాం. ‘నేతక్క’ అన్న మాట మాత్రం వాడుకలో వినబడదు. నేతను ప్రేమించే భాష నేత వెనుకనున్న చేతులను మరచిపోయింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టి, వాటిని నేసే పనిని సిరిసిల్ల మగ్గాలకు అప్పగించినప్పుడు ఆ పట్టణానికి కొన్నేళ్ళపాటు ఊపిరి వచ్చింది. ఆడబిడ్డలకు నేతన్న కానుక అని అందరూ మెచ్చుకున్నారు. ఆ చీరలోని పేకనంతా కండెలకు ఎక్కించింది కూడా ఆడబిడ్డలే అన్న సంగతి ఎంతమందికి తోచిందో!

అంతకుముందు కాలం మరింత చేదైనది. అప్పుల భారంతోను, పని లేకపోవడంతోను నేతకార్మికులు వరుసగా ప్రాణాలు తీసుకున్న రోజులలో పత్రికలు ఈ ఊరిని ‘ఉరిసిల్ల’ అని రాశాయి. ఆ మరణాలను గురించి చర్చలు జరిగాయి. నూలు ధర, విద్యుత్తు ఛార్జీ, గిట్టుబాటు కాని గుడ్డ ధర అన్నీ చర్చకు వచ్చాయి. అవి రావలసినవే. కానీ మరణం జరిగిన ఇంట మరునాడు పొయ్యి ఎలా వెలిగిందన్న ప్రశ్న అంతగా వినబడలేదు. భర్త పోయాడు, అప్పు మిగిలింది, మగ్గం ఆగింది. సిరిసిల్లలోనూ అనేక ఇళ్ళలో అప్పుడు పిల్లల కడుపు నింపినది బీడీల చాటే. దుఃఖాన్ని నమోదు చేసిన కలం ఆ దుఃఖాన్ని మోసిన శ్రమను నమోదు చేయలేకపోయింది.

ఈ ప్రాంతానికి మరొక విశేషం గల్ఫ్ వలస. దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ అరేబియాలకు వెళ్ళిన మగవారు లేని వాడ ఇక్కడ అరుదు. 2011 జనగణనలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ప్రతి 1,000 మంది పురుషులకు 1,008 మంది స్త్రీలున్నారు. ఆడపిల్లకు ఆదరణ పెరిగిందనుకొని సంతోషించడానికి వీలులేదు. ఆ అంకె వెనుక ఎడారిలో ఉన్న మగవారు కూడా ఉన్నారు. భర్త దూరదేశంలో ఉన్నప్పుడు విత్తనం కొనడం, కూలీలను పిలవడం, పిల్లలను బడిలో చేర్చడం, వడ్డీ కట్టడం, అత్తమామలకు వైద్యం చేయించడం ఇవన్నీ భార్య నిర్ణయాలే. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం రేషన్ కార్డులో కుటుంబ పెద్దగా 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దవారినే చూపాలని నిర్దేశించింది. బియ్యం తెచ్చుకొనే కాగితం మీద ఆమె ఇంటి పెద్ద. భూమి పాస్‌పుస్తకం మాత్రం తరచుగా భర్త పేరనో మామ పేరనో ఉంటుంది. బ్యాంకులో పంట రుణం అడిగే వేళ ఆమె పెద్దరికం గడప దగ్గరే ఆగిపోతుంది.

పరిశోధన ఈ విషయాలను పూర్తిగా విస్మరించిందనడం అన్యాయం. దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే 2019లోను, తిరిగి 2024లోను జరిగింది. ఆరేళ్ళు నిండిన ప్రతి వ్యక్తీ నిన్నటి రోజును ఎలా గడిపిందీ అరగంట చొప్పున రాసుకొనడం దాని పద్ధతి. వేతనం లేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీలు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో అవి 289, 88 నిమిషాలుగా తేలాయి. ఐదేళ్ళలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గితే పురుషుల వంతు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఇది అమూల్యమైన సమాచారం. అయినప్పటికీ ఒడిలో చాట, కాలితో ఊయల, పొయ్యి మీద ఎసరు, మూడింటినీ ఒకే అరగంటలో నడిపే స్త్రీ ముందు ఏ పట్టికైనా కొంత తికమక పడక తప్పదు. అక్కడ అంకెకు తోడు ఆమె మాట కూడా కావాలి.

మాటను విన్న పరిశోధనలు తెలుగునాట లేకపోలేదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలను అధ్యయనం చేసి 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది. అల్లినవారు మాత్రం ఇల్లాళ్ళుగా, అల్లిక వారి తీరిక వేళల వ్యాపకంగా పరిగణింపబడ్డారు. తీరికగా చేసే పనికి తక్కువ కూలి ఇస్తే తప్పేమున్నదన్నది వ్యాపార సూత్రం. ఇంటి స్త్రీలు పొలానికి పోకుండా గోషాలో ఉండి అల్లడం కులగౌరవంగా భావించిన కుటుంబాలు కూడా ఆ సూత్రానికే తెలియకుండా తోడ్పడ్డాయి. నాలుగు దశాబ్దాల తరువాత ఆ గ్రంథంలో లేసుకు బదులు బీడీ అని చదువుకున్నా విషయం పెద్దగా మారదు. పద్మశాలి ఇంటనైనా, దళితవాడలోనైనా, ముస్లిం కుటుంబంలోనైనా స్త్రీ గడప దాటకుండా నాలుగు రూపాయలు తేవడం ఇంటివారికి సమ్మతమే. దాటితే వచ్చే ప్రశ్నలు మాత్రం అందరికీ ఒకే రీతిగా ఉండవు. పొలం పని, మట్టి పని తప్పని దళిత స్త్రీకి గడప లోపల కూర్చునే వెసులుబాటే ఒక భాగ్యం. బయటికి పోవడానికి అనుమతి లేని స్త్రీకి అదే చెర. సమ్మిళితత్వం గురించి ఆలోచించేవారు ‘స్త్రీలు’ అన్న ఒక్క మాట కింద ఇద్దరినీ కలిపివేస్తే ఇద్దరి కష్టమూ అర్థం కాదు.

హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల వద్దకు వెళ్ళి, వారి జీవితాలను వారి మాటలలోనే నమోదు చేసిన గ్రంథమది. నాయకులను అడిగితే పోరాట చరిత్ర వచ్చేది. స్త్రీలను అడిగినందువల్ల ఆ పోరాటంలో వారు కోల్పోయినదేమిటో, ఆశించినదేమిటో బయటపడింది.

విన్నదానిని తిరిగి వారికే అప్పగిస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట తెలిపింది. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చిన ఆ ఊరి స్త్రీలు వాచకంలో తమ బ్రతుకునే పాఠంగా చూసుకున్నారు. 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది. బీడీ కార్మికుల గురించి సాగిన అధ్యయనాలలో ఎన్ని ఆ అరుగుల మీదికి తిరిగి వచ్చి, చుట్టేవారికి అర్థమయ్యే తెలుగులో వినిపింపబడ్డాయి? సమాచారం ఇచ్చినవారికి దాని ఫలితం తెలుసుకొనే హక్కు లేదా?

ఇంత చెప్పిన తరువాత ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. బీడీ ప్రాణహానికరం. తాగేవారికే కాదు, చుట్టేవారికీ పొగాకు ధూళి వల్ల దగ్గు, ఆయాసం, వంగి కూర్చోవడం వల్ల నడుము, మెడ నొప్పులు తప్పవు. అటువంటి వృత్తిని గురించి ఇంత ఆరాటమెందుకని కొందరు అడుగుతారు. పొగాకు వాడకం తగ్గడం లోకానికి మేలు. 2009 నుండి పొట్లాలపై బొమ్మల హెచ్చరికలు వచ్చాయి. 2016లో అవి పొట్లంలో 85 శాతం ఆక్రమించాయి. ఈ పరిశ్రమ కుంచించుకుపోవడం న్యాయమే. కానీ దాని బరువు ఎవరి మీద పడుతుంది? భారతదేశం 2004లో ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని 17వ అధికరణం పొగాకు మీద ఆధారపడిన కార్మికులకు, రైతులకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయ జీవనోపాధి కల్పించాలని చెబుతున్నది. ప్రత్యామ్నాయం వెతకడానికైనా వారు ఎందరో, ఎవరో, వయసెంతో, ఏమి చేయగలరో తెలియాలి. కుట్టుమిషను ఇస్తే సరిపోతుందని హైదరాబాదులో కూర్చుని నిర్ణయించడం సులభం. ముప్పై ఏళ్ళు చాటలోకి వంగి చూపు మందగించిన యాభై ఏళ్ళ స్త్రీ సూదిలో దారం ఎక్కించగలదో లేదో అరుగు మీద కూర్చుంటేనే తెలుస్తుంది.

సిరిసిల్ల సమీపాన పెద్దూరులో దుస్తుల పరిశ్రమ కోసం అపారెల్ పార్కు ఏర్పడింది. ఫ్యాక్టరీ ఉద్యోగమంటే నెల జీతం, హాజరుపట్టీలో పేరు. గడప లోపలి పనికి దొరకని గుర్తింపు అక్కడ మొదటిరోజే దొరుకుతుంది. ఇది ఆహ్వానింపదగిన మార్పు. అయితే ఉదయం బస్సు ఊరికి ఏ వేళకు వస్తుంది, పాలు తాగే బిడ్డను ఎవరు చూస్తారు, పొద్దుపోయాక వచ్చే కోడలిని అత్త ఏమంటుంది, మంచాన పడిన మామకు మధ్యాహ్నం గంజి ఎవరు పోస్తారు? ఇవి పరిశోధనకు తగని చిల్లర ప్రశ్నలుగా కనబడవచ్చు. ఉద్యోగం నిలిచేదీ, ఊడేదీ వీటి మీదనే.

ఈ ప్రశ్నలు అడగడానికి దూరం నుండి ఎవరో రానక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల తరగతి గదులలో ఉన్న విద్యార్థులలో ఎందరి రుసుములో బీడీకట్టల నుండి, కండెల నుండి వచ్చాయి. అటువంటి విద్యార్థి ప్రవేశ దరఖాస్తులో ‘తల్లి వృత్తి’ అన్న గడి దగ్గర ఆలోచించకుండానే ‘గృహిణి’ అని రాస్తాడు. కొన్ని వారాల తరువాత, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక సంక్షేమ విభాగం ఇచ్చే ఉపకార వేతనానికి దరఖాస్తు నింపుతాడు. అమ్మ గుర్తింపు కార్డు పెట్టెలోంచి తీయించి, దాని నకలు జతచేసి, అదే తల్లి పేరుకు ఎదురుగా ఈసారి ‘బీడీ కార్మికురాలు’ అని రాస్తాడు.